కోత నేర్పని టీచరమ్మ

పోయిన వారం మనం కుట్టు టీచరమ్మను బట్టల కార్ఖానా గేటు ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, చేతిసంచిలో మూడు ప్రశ్నలున్న కాగితం, మనసులో బోలెడంత ధీమా పెట్టుకుని ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆ కాగితం ఆవిడ చేతికి ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుని, తర్వాత లోపలికి తీసుకెళదాం.

టీచరమ్మకు యాభై నాలుగేళ్లు. పల్లెలో ఉన్న శిక్షణ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతోంది. పిల్లల్లేరు. పోస్టుమాస్టరుగా చేసిన భర్త పోయి ఎనిమిదేళ్లు. పని నేర్పితే చాలదు, ఆ పనితో పల్లెటూళ్ల ఆడపిల్లలు సొంతంగా కొట్టు పెట్టుకుని నిలదొక్కుకునేలా కూడా చూడాలి అని పైవాళ్లకు ఈమధ్యే జ్ఞానోదయమైంది. కుట్టు, వెల్డింగు, బేకరీ, సెల్‌ఫోను రిపేరు నేర్పే టీచర్లందరినీ టౌనుకు పిలిచి పది రోజులు శిక్షణ పెట్టారు. "తాతకు దగ్గులు నేర్పుతున్నారండీ" అని వెల్డింగు మాస్టారు విసుక్కుంటే అందరికంటే ముందు నవ్వింది మన టీచరమ్మే.

శిక్షణ ఇచ్చే మేడం పెళ్లీడు పిల్లలా ఉంటుంది గానీ నోట్లో మాట సూటిగా ఉంటుంది. మొదటిరోజే అడిగింది: "మీ దగ్గర నేర్చుకున్నవాళ్లలో సొంతంగా కొట్టు నడుపుతున్నవాళ్లు ఎంతమంది?" టీచరమ్మ వేళ్లు మడవబోయి ఆగిపోయింది. రెండు వందల మందికి పైగా పిల్లలు ఆవిడ చేతి కింద తయారయ్యారు. ఒక్క పేరు కూడా నోటికి రాలేదు. చివరికి, "ఒకత్తి పెట్టిందండీ. వసపిట్ట అని, నా క్లాసు మొత్తానికి అదే తెలివైనది. ఏడాది తిరక్కుండానే మూసేసి కార్ఖానాలో చేరిపోయింది. ఈ కాలం పిల్లలకి పట్టుదల ఏదండీ!" అంది. మేడం వాదించలేదు. ఒక కాగితం చేతికిచ్చి, "ఆ అమ్మాయినే కలవండి. ఈ మూడూ అడగండి. ఆమె చెప్పేటప్పుడు మీరు సమాధానం చెప్పకూడదు, సర్దిచెప్పకూడదు. ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకోండి. చివరిరోజు ఆమెను తీసుకురండి, ఇద్దరూ కలిసి కొట్టు ఎలా తెరవాలో చూద్దురు గాని" అంది.

ఆ చివరిరోజు రేపే. వసపిట్ట రావాలి, మళ్లీ కొట్టు తెరుస్తానని అనాలి. టీచరమ్మకు కావలసింది అదొక్కటే. తను అడిగితే కాదనే పిల్ల కాదని ఆవిడ నమ్మకం.

మధ్యాహ్నం గంట మోగింది. రేకుల షెడ్డులోంచి ఆడవాళ్లు గుంపులుగా బయటికొచ్చారు. అందరి జుట్టు మీదా దూదిపోగులు. వాళ్లలో సన్నగా, కళ్ల కింద నల్లగా ఉన్న మనిషి ఒకత్తి టీచరమ్మను చూసి ఆగిపోయింది. ముందు టీచరమ్మ గుర్తుపట్టలేదు. ఆ పిల్లకు వసపిట్ట అని పేరు పెట్టింది తనే. క్లాసులో మిషన్ల చప్పుడు ఆగినా దాని నోరు ఆగేది కాదు, "వస పోశారా నీకు, వసపిట్టా!" అని కసిరితే ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషి, "బావున్నారా టీచరమ్మా" అని ఒక్క ముక్క అని ఊరుకుంది.

గోడ నీడన ఒక పొడుగాటి బల్ల ఉంది. ఇద్దరూ కూచున్నారు. అన్నం తినడానికి అరగంట ఇస్తారట. వసపిట్ట డబ్బా మూత తియ్యలేదు.

"ఏం కుడుతున్నావే ఇక్కడ?"

"కాలర్లు."

"కాలర్లూ, ఇంకా?"

"కాలర్లే. ఆరేళ్లుగా కాలర్లే. చొక్కా ఎలా ఉంటుందో నేను చూడను. కాలరు నా దగ్గరికి వస్తుంది, పక్కావిడ దగ్గరికి పోతుంది."

టీచరమ్మ మనసు కాస్త నొచ్చుకుంది. అయినా నవ్వుముఖం పెట్టుకుని శిక్షణ సంగతంతా చెప్పింది. మాట్లాడకూడదన్న నియమం కూడా చెప్పింది. "నేను నోరు మూసుకుని కూచోవాలట. ఎంత కష్టమో చూడు నాకు!" అంటే వసపిట్ట పెదవులు కొంచెం కదిలాయి. అది నవ్వో కాదో తెలియలేదు. టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి ప్రశ్న చదివింది.

"కొట్టు ఎందుకు మూసేశావు?"

"పెళ్లయింది. అత్తగారింట్లో వద్దన్నారు. అదే రాసేసుకోండి."

ఊళ్లో అందరూ అనుకున్నదీ, టీచరమ్మ అనుకున్నదీ అదే. ఆవిడ రాయడం మొదలుపెట్టింది. సగం రాశాక కలం ఆగిపోయింది. వసపిట్ట పెళ్లికి తను వెళ్లింది. పెళ్లిపందిట్లో ఎవరో ఆ పిల్లను "కార్ఖానాలో చేస్తోందట కదా" అన్నారు. కొట్టు బోర్డు దిగిపోయిన ఏడాదికి గాని పెళ్లి జరగలేదు.

"నీ పెళ్లి కొట్టు మూసేశాక కదే అయింది?"

వసపిట్ట డబ్బా మూతను ఒకసారి బిగించి పక్కన పెట్టింది.

"నిజం చెబితే మీరు రాస్తారా?"

"రాస్తాను."

"మధ్యలో ఏమీ అనకూడదు. మీరే చెప్పారు."

"అనను."

ఇక్కడ మనం కొంచెం ఆగి టీచరమ్మ క్లాసు ఎలా నడిచేదో చెప్పుకోవాలి. లేకపోతే ఆ పిల్ల చెప్పేది అర్థం కాదు. పదకొండు మిషన్లు, ఒక పెద్ద కోత బల్ల. బల్ల సొరుగులో కత్తెర. సొరుగు తాళంచెవి టీచరమ్మ నడుముకు. గౌను గాని చొక్కా గాని, కొలతలు వెయ్యడం, సుద్దతో గీత గియ్యడం, కొయ్యడం అన్నీ టీచరమ్మే. కోసిన ముక్కలకు నంబర్లు వేసి, కట్టగట్టి ఒక్కో పిల్లకు ఇచ్చేది. పిల్లలు కుట్టేవాళ్లు. "కుట్టు విప్పొచ్చు గానీ కోత అతకలేం" అనేది ఆవిడ మాట. చదువు అయిపోయాక కూడా పిల్లలు గుడ్డలు పట్టుకుని ఆదివారాలు ఆవిడ ఇంటికొచ్చేవాళ్లు. ఆవిడ కోసి ఇచ్చేది. వసపిట్ట కొట్టు పెట్టాక ప్రతి ఆదివారం పెద్ద మూట తెచ్చేది. "నా చెయ్యి పడందే దానికి పని జరగదు" అని టీచరమ్మ మురిసిపోతూ వీధి వీధంతా చెప్పుకునేది.

"ఆ ఎండాకాలం మీ అక్కగారికి ఆపరేషనని వెళ్లారు, గుర్తుందా?" అంది వసపిట్ట. "మూడు వారాలు. మీరు వెళ్లే ముందురోజే ఒకమ్మాయి నా కొట్టుకొచ్చింది. పెళ్లి కుదిరింది. చేతిలో సిల్కు గుడ్డ. వాళ్లమ్మ కొందంట, కూతురి పెళ్లి గౌనుకని. గుడ్డ కొని పెట్టెలో పెట్టి, పెళ్లి చూడకుండానే పోయింది. నేను ఒప్పుకున్నాను. ఆదివారం మీ దగ్గరికి తెస్తే కోసిస్తారు కదా అని. ఆదివారం వచ్చాను, తాళం. మళ్లీ ఆదివారం వచ్చాను, తాళం. మీ అరుగు మీదే కూచున్నాను, ఆ గుడ్డ ఒళ్లో పెట్టుకుని. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలీదు."

ఇంకో దర్జీ దగ్గరికి వెళ్లొచ్చు కదే అనబోయి టీచరమ్మ నోరు మూసుకుంది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ల ముందు, దర్జీనని బోర్డు పెట్టుకున్న మనిషి ఇంకో దర్జీని వెతుక్కుంటూ వెళ్లగలదా? ఆ ప్రశ్న అడగనక్కర్లేకుండానే జవాబు తట్టింది.

"పెళ్లికి ఆరు రోజులుంది. ఇంక నేనే కోశాను. కొలతలకి కాగితం కత్తిరించుకుని, గుడ్డ మీద పెట్టి గుండుసూదులు గుచ్చి, కుడివైపు ముందుభాగం కోశాను. బాగా వచ్చింది. ఎంత సంబరపడ్డానో! మీరొచ్చాక చూపిద్దామనుకున్నాను. ఎడమవైపుది కూడా అదే కాగితం అలాగే పెట్టి కోసేశాను. తిప్పి పెట్టాలని నాకు తెలీదు టీచరమ్మా. రెండూ కుడివైపువే వచ్చాయి. ఆ సిల్కుకి ఒకవైపే నిగనిగ, వెనక్కి తిప్పి కుడదామంటే లేదు. ఇంక గుడ్డ మిగల్లేదు."

టీచరమ్మ కలం కాగితం మీద నిలిచిపోయింది. చెయ్యి తిరగనివాళ్లు చేసే మొట్టమొదటి తప్పు అది. ఒక్క పూట కూచోబెట్టి చెబితే జన్మలో మళ్లీ చెయ్యరు.

"మీ క్లాసులో పదకొండు నెలలు నాకు కట్టలిచ్చారు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి, నంబర్లేసి. అవి ఎలా పుడతాయో నాకు ఎవరు చెప్పారు?" అంది వసపిట్ట. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే టీచరమ్మకు కాస్త సులువుగా ఉండేది.

"ఆ అమ్మాయి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని ముఖం దగ్గర పెట్టుకుంది. వాళ్లమ్మ పెట్టె వాసన ఇంకా ఉందేమోనని చూసుకుంది. తర్వాత మడతపెట్టుకుని వెళ్లిపోయింది. ఎవరితోటీ ఒక్క మాట అనలేదు. అందుకే ఊళ్లో ఎవరికీ తెలీదు. మర్నాడు నేనే బోర్డు దించేశాను. ఇంకో మనిషి గుడ్డ నా చేతికిస్తే నేనేం చెయ్యను?"

టీచరమ్మకు ఆ తర్వాతి సంగతి గుర్తుకొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందా అనిపించింది. ఊరి నుంచి తిరిగి వచ్చాక బస్సు స్టాపులో ఈ పిల్ల కనపడితే, నలుగురిలో నిలదీసింది. "మొదలెట్టిన పని చివరికంటా చెయ్యలేనిదానివి, నా పేరెందుకు చెడగొట్టావే?" అంది. పిల్ల తల దించుకుని నిలబడింది. తప్పు చేసింది గనకే నోరు లేవలేదని టీచరమ్మ అప్పుడు అనుకుంది. ఇప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంది. జోడు శుభ్రంగానే ఉంది, తడి కళ్లలో ఉంది.

"రెండోది అడగండి" అంది వసపిట్ట. "టైమైపోతుంది."

"నేను నీకు... నేర్పనిదేమిటి?"

"అది మీకు తెలుసు."

ఇక టీచరమ్మ వల్ల కాలేదు. నియమం గాలికి పోయింది. "గుడ్డ పాడవుతుందనే కదే! కేంద్రంవాళ్లు ఇచ్చేది ఎంతని? ఒక్కొక్కరూ ఒక్కో గుడ్డ తగలేస్తే మిగతావాళ్లు దేని మీద కుడతారు? మీ మంచికే కదా..."

"గుడ్డ కోసం కాదు టీచరమ్మా."

"మరి దేనికంటావే?"

"పాత పేపర్ల మీద నేర్పొచ్చు. పేపరు ఎంత చింపినా ఎవరు అడుగుతారు? మాకు కూడా తట్టిన సంగతి, మీకు తట్టలేదా?" వసపిట్ట మొదటిసారి టీచరమ్మ కళ్లలోకి చూసింది. "మేం ఆదివారాలు రావాలని మీకు ఉండేది."

షెడ్డులో ఎవరో పెద్దగా నవ్వారు. ఒక స్టీలు డబ్బా కింద పడి దొర్లింది. టీచరమ్మకు ఆ చప్పుళ్లన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి.

"మా బ్యాచి ఆఖరి నెలలో ఒకత్తి అంది, టీచరమ్మని కోత నేర్పమని అడుగుదామే అని. అందరూ సై అన్నారు. నేనే వద్దన్నాను. మనకి వచ్చేస్తే ఇంక ఆవిడ గుమ్మం ఎవరెక్కుతారే, పోస్టుమాస్టారు పోయిన ఇంట్లో ఆదివారం పూట ఆవిడొక్కత్తీ ఏం చేస్తుందే అన్నాను. సరే పాపం, వద్దులే అనుకున్నాం. పదకొండు మందిమీ అనుకున్నాం. ఇవాళ ఆ పదకొండు మందిలో ఒక్కత్తికీ కొట్టు లేదు."

మొదట్లో గుడ్డ కోసమే. అది అబద్ధం కాదు. కానీ భర్త పోయిన తర్వాత ఆ మాట ఒక సాకు మాత్రమే అయిపోయింది. ఆదివారం పొద్దున్నే లేచి ముంగిలి ఊడ్చుకోవడం, బల్ల మీద దుప్పటి పరవడం, గేటు చప్పుడైతే "వచ్చారా తల్లీ" అనడం, ఇవన్నీ టీచరమ్మకు గుర్తొచ్చాయి. ఆ పిల్లలు తమ అవసరానికి రావడం లేదు, తను ఒంటరిదని జాలిపడి వస్తున్నారని ఈ క్షణం దాకా ఆవిడకు తెలియదు. తను వాళ్లకు పని చేసిపెడుతున్నాననుకుంది. వాళ్లు తనకు తోడుగా వచ్చారు. దానికి వాళ్ల బతుకులే ఖర్చయిపోయాయి. ఇంతకంటే సిగ్గు ఏముంటుంది? ఆవిడకు ఏడుపు ఆగలేదు. వసపిట్ట కాసేపు చూసి, తన మంచినీళ్ల సీసా మూత తీసి పక్కన పెట్టింది. ఓదార్చలేదు.

"రాయండి" అంది. "నేను చెప్పిందంతా రాయండి. జాలి సంగతి కూడా."

టీచరమ్మ రాసింది. రాసింది చదివి వినిపించింది. "జాలిపడి" అన్న చోట ఆగిపోతే వసపిట్టే ఆ మాట అందించింది. తర్వాత మూడో ప్రశ్న మిగిలింది.

"ఇప్పుడు నా నుంచి నీకేం కావాలి?"

రేపు రావడానికి ఏదో బతిమాలించుకుంటుందని టీచరమ్మ అనుకుంది. ఎంతైనా బతిమాలడానికి సిద్ధపడింది. "ఆదివారం రావే, మొదట్నుంచీ నేర్పుతాను, పేపర్ల మీదే" అనడానికి మాటలు కూడా కూర్చుకుంది. కానీ వసపిట్ట తన వేళ్ల చివర్లు చూసుకుని, వేరే మాట అంది.

"మీ ట్రంకుపెట్టెలో బూడిదరంగు కోటు గుడ్డ ఉంది."

టీచరమ్మ కాగితం మీంచి తలెత్తింది.

ఆ గుడ్డ సంగతి అందరు పిల్లలకూ తెలుసు. పోస్టుమాస్టారు రిటైరయ్యే రోజున తొడుక్కోవాలని సరదాపడి కొనుక్కున్నది. భార్యే కుట్టాలని పట్టుబట్టాడు. "అలాగే కుడతా లెండి, తొందరేముంది" అంది ఆవిడ. వారం తిరక్కుండానే ఆయన పోయాడు. ఎనిమిదేళ్లుగా ఆ గుడ్డ మీద సుద్ద కూడా పడలేదు.

"ఆ పెళ్లికూతురు ఇప్పుడు టౌన్లోనే ఉంటోంది. సాయంత్రం వెళ్లి అడుగుతాను. ఆవిడ వస్తానంటే రేపు మీ శిక్షణకి ఇద్దరం వస్తాం. ఆవిడ కొలతలకి చలికోటు కోస్తాను, ఆ గుడ్డలోంచి, అందరి ముందు. మీరు చేతులు కట్టుకుని కూచోవాలి. మాట వద్దు, సైగ కూడా వద్దు. తప్పు కోసినా కదలకూడదు. మీరు నోరు విప్పారా, కత్తెర కింద పెట్టేసి వెళ్లిపోతాను."

"వేరే గుడ్డ కొంటాను తల్లీ. ఎంత మంచిదైనా కొంటాను."

"కొన్న గుడ్డ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఆవిడకి పోయింది కొనుక్కుంటే వచ్చేది కాదు." వసపిట్ట మంచినీళ్ల సీసాకు మూత బిగించింది. "నాకు కూడా అలాంటి గుడ్డ మీదే భయం పుట్టింది. పోతే పోయిందిలే అనుకునే గుడ్డ మీద ఆ భయం పోదు. కోత బాగా వస్తే కొట్టు తెరుస్తాను. రాకపోతే బతికినన్నాళ్లూ కాలర్లే. అది కూడా రాయండి."

గంట మోగింది. ఆడవాళ్లు చేతులు కడుక్కుని షెడ్డులోకి పరిగెత్తారు. వసపిట్ట కాగితం లాక్కుని కింద సంతకం పెట్టి, మూత తియ్యని అన్నం డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే టీచరమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని తెలుసు. గుడ్డ తీసి, ఇంట్లో ఆదివారాలు కోసే బల్ల మీద పరిచింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఎంతైనా దర్జీ చెయ్యి కదా, ఏడుస్తూనే టేపుతో కొలిచింది. ఒక్క కోటుకు సరిగ్గా సరిపోతుంది. తప్పు పడితే సర్దుకోవడానికి జానెడు కూడా మిగలదు. ఆరేళ్ల కిందట ఆ పిల్ల ఒక్కత్తీ కూచుని ఈ లెక్కే వేసుకుని ఉంటుంది, అడగడానికి మనిషి లేక ఈ గుమ్మానికి తాళం చూసి వెళ్లి ఉంటుంది. టీచరమ్మ గుడ్డను అరచేత్తో నిమిరింది. పైనుంచి కిందికి నిమిరితే మెత్తగా, కిందినుంచి పైకి నిమిరితే గరుగ్గా తగిలింది. నూగు గుడ్డ. ఇలాంటి గుడ్డకు ముక్కలన్నీ నూగు వాలిన వైపుకే పెట్టి కొయ్యాలి. ఒక్కటి తలకిందులైనా కుట్టాక ఆ ముక్క వేరే రంగు గుడ్డలా కనపడుతుంది. ఇది కూడా నేను చెప్పలేదు కదా అని ఆవిడకు అప్పుడు తట్టింది. ఇప్పుడు చెప్పడానికి లేదు, మాట వద్దని షరతు.

మర్నాడు పొద్దున శిక్షణ హాల్లో ఇరవై ఆరుగురు టీచర్లు గోడల వెంబడి కూచున్నారు. టీచరమ్మ లేచి నిలబడి కాగితం మొత్తం చదివింది. ఒక్క మాట మింగలేదు. జాలి దగ్గరికి వచ్చేసరికి వెల్డింగు మాస్టారు తల వంచుకున్నాడు. ఆయన కూడా ఇరవై ఏళ్లుగా, ఆడపిల్లలకు కళ్లు పోతాయేమోనని మంట తన చేత్తోనే పట్టి, వాళ్ల చేత ఇనుప చువ్వలు మాత్రం అందించుకుంటున్నాడు. తర్వాత తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. వసపిట్ట వచ్చింది. వెనకే, మూడేళ్ల పాపను చంకన వేసుకుని ఇంకొకామె.

ఆమే ఆనాటి పెళ్లికూతురు, ఎవరితోనూ మాట్లాడలేదు. పాపను కింద దింపి, కొలతలు ఇవ్వడానికి చేతులు చాపి నిలబడింది. వసపిట్ట టేపు పట్టుకుని కొలుస్తూ ఆమె భుజం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. ఆమె మెల్లగా, "కానియ్యి" అంది. ఆ ఒక్క మాటే.

బూడిదరంగు గుడ్డ బల్ల మీద పరిచారు. టీచరమ్మ నడుము నుంచి తాళంచెవి తీసి, సంచిలోంచి కత్తెర తీసి, రెండూ వసపిట్ట ముందు పెట్టింది. వెళ్లి కుర్చీలో కూచుని చేతులు కట్టుకుంది. శిక్షణ మేడం ఆవిడ పక్కకు వచ్చి నిలబడింది.

వసపిట్ట ఆ కొలతలకి కత్తిరించిన కాగితం ముక్కలు పరిచింది. కుడిది పెట్టింది. రెండోది చేతిలోకి తీసుకుని, ఊపిరి పీల్చుకుని, తిప్పి పెట్టింది. పాత తప్పు చెయ్యలేదు. టీచరమ్మ గుండె ఉప్పొంగింది. తర్వాత వీపు భాగం పెట్టింది. కోటు చేతుల ముక్కలు పెట్టబోతే చోటు చాలలేదు. వసపిట్ట నుదుటి మీద చెమట పట్టింది. అటు జరిపింది, ఇటు జరిపింది. కొంతసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ఎడమ ముందుభాగాన్ని ఎత్తి, భుజం వైపును కిందికీ కిందిభాగాన్ని పైకీ తిప్పి పెట్టింది. అన్నీ సరిపోయాయి. దగ్గర దగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి, గీసినట్టు కుదిరిపోయాయి.

నూగు ఎదురు తిరిగింది.

హాల్లో ఆ సంగతి తెలిసిన మనిషి, ముందురోజు గుడ్డ నిమిరి చూసిన టీచరమ్మ ఒక్కత్తే. నోరు విప్పితే పిల్ల కత్తెర కింద పెట్టేసి వెళ్లిపోతుంది, ఇంక ఈ జన్మలో పట్టదు. విప్పకపోతే తల్లిలేని ఆనాటి పెళ్లికూతురి ముందు రెండోసారి గుడ్డ పాడవుతుంది, ఈ పిల్ల కూడా పాడవుతుంది. గుడ్డ తన భర్తదన్న సంగతి ఆ క్షణంలో టీచరమ్మకు గుర్తు కూడా రాలేదు. కట్టుకున్న చేతుల్లో గోళ్లు దిగాయి. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

వెల్డింగు మాస్టారు అది చూసి ఆవిడ వైపు వంగాడు. "ఏడవకండి టీచరమ్మ గారూ. ఎంత చక్కగా సర్దిందో చూడండి, ఒక్క పీలిక వృథా పోలేదు" అన్నాడు ఆనందంగా.

వసపిట్ట కత్తెర తెరిచి, ఎడమ ముందుభాగం అంచుకు ఆనించింది.